ఎప్పుడూ సున్నా ఇచ్చే ఫంక్షన్

సున్నా అంటే అంతా బాగుందని అర్థం. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల వృత్తిలో అదే ఆచారం. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రతి ఫంక్షనూ, అంటే ఒక్కో పనికని రాసిన కోడు ముక్క, పని ముగించి, తనని పిలిచిన కోడుకి ఒక అంకె తిరిగిస్తుంది. సున్నా ఇస్తే పని అయినట్టు, ఇంకేదైనా ఇస్తే చెడినట్టు. అయితే ఏళ్ల తరబడి పదిమంది చేతులు పడిన కోడు కదా, నెట్‌వర్క్ విభాగంలో కొన్ని ఫంక్షన్లు ఏం జరిగినా సున్నానే ఇస్తూ కూర్చున్నాయి. ఆ చెత్తంతా ఊడ్చే పని మరదలి నెత్తిన పడింది.

ఆఫీసులో ఆమెని 'బావగారి మరదలు' అంటారు. అక్క మొగుడే తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు మరి. ఆరేళ్ల కిందట బావని ఉద్యోగంలోంచి సాగనంపారు గానీ, పేరు మాత్రం ఆమెని వదల్లేదు.

"ఎప్పుడూ సున్నానే ఇచ్చేదానికి ఆ సున్నా మాత్రం ఎందుకమ్మా? తీసి అవతల పారెయ్. శుక్రవారానికి నలభై అయిపోవాలి," అన్నాడు టీమ్ లీడర్. నిమిషానికోసారి టైము చూసుకుంటాడని ఆయన్ని చాటుగా గడియారం అంటారు.

ముప్పై ఏడింటి దాకా నల్లేరు మీద బండిలా సాగింది. ముప్పై ఎనిమిదోది నెట్‌వర్క్ కార్డుని ఆపే ఫంక్షన్. ఆగమని కార్డుకి చెబుతుంది, కాసేపు చూస్తుంది, ఆగకపోతే తప్పు అంకె గుర్తుపెట్టుకుంటుంది. తీరా చివరి లైనుకొచ్చేసరికి ఆ అంకెని గాలికొదిలేసి సున్నా ఇస్తోంది! అంటే కార్డు ఆగకపోయినా ఆగిందని అబద్ధం చెబుతోంది. అది నమ్మి మిగతా కోడు, కార్డు వాడుకుంటున్న మెమరీని లాక్కుని ఇంకో ప్రోగ్రాముకి ఇచ్చేస్తుంది. ఆగని కార్డేమో తన డేటాని పోయి ఆ ప్రోగ్రాము మెమరీ మీద రాసేస్తుంది. దాంతో మిషను చస్తుంది.

ఆరేళ్ల కిందట కస్టమర్ల దగ్గర మిషన్లు చచ్చింది సరిగ్గా ఇలాగే కదూ! మెమరీ పంచే కోడు బావది కాబట్టి పాపమంతా తెచ్చి బావ మెడకి చుట్టారు. చేతకానివాడన్నారు, అజాగ్రత్త అన్నారు, రెండు వారాల్లో ఇంటికి పంపారు. ఇప్పుడాయన రెండు వీధుల అవతల ప్రింటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు.

ఈ సున్నా పెట్టిన దౌర్భాగ్యుడెవడని పళ్లు కొరుక్కుంటూ మార్పుల చరిత్ర తెరిచింది. అందులో ప్రతి లైనుకీ రాసినవాళ్ల పేరుంటుంది. ఆ లైను పక్కన ఉన్నది తన పేరే.

అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి ఉద్యోగంలో చేరి నెల కాలేదు. టెస్టు మాటిమాటికీ అక్కడే ఆగిపోతుంటే, గడియారం నెత్తిమీద నిలబడి సణుగుతుంటే, ప్రస్తుతానికి సున్నా పెట్టి తర్వాత చూద్దాంలే అనుకుంది. ఆ 'తర్వాత' అనేది ఎప్పుడొచ్చింది గనక! టెస్టు పాసయింది, గడియారం శభాష్ అన్నాడు, ఆమె మర్చిపోయింది.

గడియారానికి చూపిస్తే ఆయన ముందుగా లేచి గది తలుపు వేశాడు. "పాత గొడవలు తవ్వకమ్మా. తప్పు అంకె తిరిగిచ్చేలా దిద్దెయ్. మార్పు పైన 'చిన్న శుభ్రత' అని రాసెయ్, చాలు."

ఒక మనిషి బతుకు బుగ్గయితే అది చిన్న శుభ్రతట! ఆమె బ్యాగైనా తీసుకోకుండా బావ కొట్టుకి నడిచింది.

ఒకప్పుడు మరదలు కనబడితే చాలు, "ఏం పిల్లా, ఇవాళ ఎన్ని మిషన్లు చంపావు?" అని ఆటపట్టించకుండా ఉండేవాడు కాదు బావ. ఉద్యోగం పోయాక "కూర్చోమ్మా" అనడం మొదలెట్టాడు. ఇవాళా అదే అన్నాడు.

ఆమె కూర్చోలేదు. "బావా, కార్డు ఆపే ఫంక్షన్‌లో ఆ సున్నా పెట్టింది నేనే."

ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగలేదు. "తెలుసమ్మా."

"తెలుసా! ఎప్పట్నించి?"

"నన్ను పంపెయ్యడానికి నాలుగు రోజుల ముందు. కార్డు ఆగట్లేదేమోనని అనుమానమొచ్చి, ఆ ఫంక్షన్ ఓసారి చూడమని నిన్నే కదా అడిగింది? 'చూశాను బావా, సున్నానే ఇస్తోంది, అంతా బాగుంది' అన్నావు. తర్వాత నేనే తెరిచాను. నీ పేరుంది."

"నేను తెరవలేదు బావా. స్క్రీను మీద సున్నా కనిపిస్తే చూశానని చెప్పేశాను. ఒట్టు."

"ఈ ఆరేళ్లూ నువ్వు తెలిసే నోరు మూసుకున్నావనుకున్నా," అన్నాడు బావ. "తెలిసి చేసుంటే నిన్ను తిట్టుకోవడానికైనా ఉండేది. ఇప్పుడు అదీ లేకుండా చేశావు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నిన్నూ పంపేవాళ్లు. అప్పుడు మీ అక్క మొహం ఎలా చూడను?"

"రేపే అందరికీ రాస్తాను, మీ తప్పు కాదని."

"రాస్తే నీ ఉద్యోగం పోతుంది. నాది రాదు. చేతులు కాలాక ఆకులెందుకమ్మా?"

ఇంతలో అక్క మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని లోపలికొచ్చింది. "ఏమే, పనివేళ ఇక్కడున్నావు? చేతకానివాడని మీ బావని తరిమినట్టు నిన్నూ తరిమారా ఏంటి!"

ఆ దెప్పు ఆ ఇంట్లో రోజూ ఉండేదే. ఎవరూ పట్టించుకోరు.

"ఏదో ప్రింటరు గురించి అడగడానికొచ్చింది," అన్నాడు బావ. ఆ ఒక్క మాట పట్టుకుని మెట్టు దిగిపోతే సరిపోయేది. ఇంకో ఆరేళ్లు హాయిగా గడిచేవి. ఆమె వల్ల కాలేదు.

"అక్కా, బావ తప్పేం లేదు. ఆ తప్పు నాది," అని మొదలెట్టి, బావ వద్దంటున్నా వినకుండా అంతా చెప్పేసింది.

అక్క ఆమె వైపు తిరగనైనా లేదు. మొగుణ్ణే చూస్తూ నిలబడింది.

"ఆరేళ్లు! అన్నం పెట్టిన ప్రతిసారీ చేతకానివాడన్నాను మిమ్మల్ని. మావాళ్ల ముందు అన్నాను, పిల్లల ముందు అన్నాను. అయ్యో, ఒక్కసారి నోరు విప్పకూడదూ! ఎంత పాపిష్టిదాన్ని చేశారండీ నన్ను!"

ఆయన తల వంచుకున్నాడు. అక్క గిన్నెలు విప్పి ఆయన ముందు పెట్టింది, నీళ్లు పోసింది, పక్కనే ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది. చెల్లెలు కాసేపు గుమ్మంలో నిలబడి, మెల్లగా మెట్టు దిగింది. అన్నం వేళకి వచ్చిన చెల్లెల్ని తిన్నావా అని అక్క అడగకపోవడం అదే మొదలు.