తోటకొక తూటా

మా బొసెంగె ఊళ్ళో ఆ ఏనుగుకి సుంకరి అని పేరు పెట్టింది నేనే. సుంకం వసూలు చేసే కరి కాబట్టి సుంకరి. కొండ మీది రక్షిత అడవిలోంచి దిగి, తోటకో అరటిగెల వాటాగా పట్టి, రసీదు కింద గంపెడు పేడ పారేసి పోయేది. ఒంటరి మగది, ఎడమ దంతం సగానికి విరిగింది. పేరు విని ఊరంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. మొన్న వానాకాలంలో అదే సుంకరి మా పొరుగు తోట ముసలాయన మోసోకెని దంతంతో పొడిచి, తొక్కి, బురదలో కలిపేస్తే, ఆయన్ని పైకి తియ్యడానికి మాకు పార అవసరమైంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. పుట్టి యాభై రెండేళ్ళైన ఈ వొలోకో కూడా నోరు మూసుకున్నాడంటే మీరే అర్థం చేసుకోండి.

మర్నాడు పొద్దున్నే ఊరిపెద్ద మోలువా ముంగిట్లో సభ జరిగింది. నా నోరు మళ్ళీ తెరుచుకుంది.

"అయ్యలారా, అమ్మలారా! అడవి శాఖ వాళ్ళు మనకిచ్చేవి మూడు. ఏనుగుకి సంరక్షణ, దానికి మన అరటి భక్షణ, మనకేమో మిరపకాయ పొగ పెట్టడంలో శిక్షణ! మిరప పొగకి మనం తుమ్ముతున్నాం, అది తింటోంది. మోసోకె బాబాయి పోయాడు. ఇంక పొగ చాలు, సెగ కావాలి. దానికి ఒక తూటా కావాలి!"

చప్పట్లు మోగాయి. మా ఎవూసి అయితే ఈల కూడా వేశాడు. ఎవూసి నా చెల్లెలి మొగుడు, నేను దగ్గినా జోకనుకుని నవ్వే మంచివాడు.

వెనక వరసలో కూర్చున్న నా భార్య లిముంగ లేచింది. "కాల్చేదేదో కిందున్న పాత అగ్నిపర్వతపు లావా రాళ్ళ మీద కాల్చండి. నా తోటలో మాత్రం కాల్చొద్దు."

ఆమె తోట గురించి ఇక్కడ చెప్పాలి. నేల మా నాన్నది, అంటే నాది. తోట మాత్రం ఆమెది. నిటారు వాలులో మూడు వందల కోకో మొక్కలు. నాలుగేళ్ళు ఒక్కో మొక్కకీ అరటి నీడ పెట్టి, కలుపు తీసి, నడుం వంచి వంచి, ఇప్పుడు పడుకున్నా నిటారు కాలేనంతగా వంగిపోయింది. ఈ ఏడే మొదటి కాపు. కాండానికి బొటనవేలంత కాయలు కోకొల్లలుగా అంటుకుని ఉన్నాయి. కోకోలు కోకొల్లలు అని నేను రోజూ అంటాను. ఆమె రోజూ నవ్వదు.

"నీ తోటలో అయితే ఏం?" అన్నాడు మోలువా.

"నాలుగేళ్ళలో అది నా మొక్క ఒక్కటీ తొక్కలేదు పెద్దయ్యా. దాని దారి దానికి వదిలేశాను. పైగట్టున అరటి దానికనే వేశాను. దాని పేడలో మొలిచిన అడవిమామిడి మొక్కలే గట్టు మీద నాటుకున్నాను. కానీ అది నా తోటలో పడిందంటే మీరంతా వస్తారు."

"మేమొస్తే ఏమవుద్దక్కా?" అన్నాడు ఎవూసి.

"అది ఏనుగు. చూసి అడుగేస్తుంది."

సభ అంతా గొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది నేను.

నేనెందుకు నవ్వానో దాచను. మా ఊళ్ళో పెద్ద జంతువు పడితే పంపకానికి కట్టుబాటుంది. తల ఊరిపెద్దది. గుండెకాయ కాల్చినవాడిది. నేల యజమానికి ముందుకాలు, అదీ నేలను తాకిన వైపుది, కింద పడి ఉన్నది. దాన్నే నేలకాలు అంటాం. మిగతాదంతా ఎవరి కత్తికి ఎంత తెగితే అంత. మా నాన్నకి జన్మలో ఒకసారి నేలకాలు దక్కింది. దాన్ని పొగబెట్టి ఊరందరికీ వడ్డించాడు. ఆయన పోయాక కూడా ఆయన పేరు చెబితే ముసలాళ్ళు పెదవులు నాక్కునేవాళ్ళు. నా పేరు చెబితే నవ్వుతారు. నాక్కోరు.

దాన్ని కాల్చడానికి అనుమతి వచ్చింది. దాంతో పాటు అడవి శాఖ గార్డు బుబాకరి వచ్చాడు. ఉత్తరాది మనిషి, సన్నగా పొడుగ్గా, తుపాకీ పక్కన రెండో తుపాకీలా ఉన్నాడు. "అది ఏ దారిన వస్తుందో ఎవరికి తెలుసయ్యా?" అని అడిగాడు.

లిముంగ నా వైపు చూసింది. లావా రాళ్ళ దారి కూడా నాకు తెలుసు. మూడు రోజులకోసారి అది అక్కడ నీటిమడుగుకి వెళ్తుందనీ తెలుసు.

"మా తోటలోకే అయ్యా," అన్నాను. "రోజూ మంచు విడిచే వేళకి. గడియారం దాన్ని చూసి టైము సరిచేసుకుంటుంది."

ఇంటికెళ్ళే దారిలో ఆమె ఒక్క మాటే అంది. "నీ నోటికి కాదయ్యా తాళం వెయ్యాల్సింది, నీ కడుపుకి."

రెండో రోజు పొద్దున వచ్చింది సుంకరి. మంచులోంచి ముందు తొండం, తర్వాత విరిగిన దంతం, ఆ తర్వాత మిగతా కొండ. పైగట్టున తన అరటి దగ్గర ఆగి, ఒక మాను పెళ్ళున చీల్చి, లోపలి ఊచ నముల్తోంది. బుబాకరి నేల పైకి గోడలా లేచిన పెద్ద చెట్టు వేళ్ళ వెనక మోకాలి మీద కూర్చున్నాడు. ఆయన వెనక నేను, నా వెనక ఎవూసి. లిముంగ తోటపాక గుమ్మంలో నిలబడి ఉంది.

మొదటి గుండు దవడని పగలగొట్టింది. అది అరవలేదు. నోట్లోని అరటి ఊచ ఎర్రగా మారి కింద పడింది. తర్వాత అరిచింది చూడండి, నా పళ్ళలో ఆ అరుపు ఇంకా ఉంది. ఒక్క ఊపున మా మీదికి వచ్చింది. చెట్టు వేళ్ళ గోడని తలతో కొడితే గోడ పగిలి పెచ్చులు మా మొహాన పడ్డాయి. ఎవూసి వెల్లకిలా పడ్డాడు. విరిగిన దంతం నా చెవికీ భుజానికీ మధ్య చెట్టులో దిగింది. దాని ఊపిరి వేడిగా, రక్తపు నురగతో నా మెడ మీద పడింది. బుబాకరి అంత దగ్గర్నుంచి కంటికీ చెవికీ నడుమ రెండోది కాల్చాడు. దంతం ఊడబెరుక్కుని వెనక్కి తిరిగి, కాళ్ళు తడబడుతూ తన దారి పట్టుకుని నడిచింది. దాని దారినే, మొక్కల వరస పక్కనుంచే. మూడో గుండు వెన్నులో దిగింది. వెనక కాళ్ళు కూలాయి. ముందుకాళ్ళతో పది గజాలు ఈడ్చుకుంది. నాలుగోదానికి ఎడమ పక్కకి ఒరిగింది.

నేల అదిరింది. తొండం రెండుసార్లు మట్టిని తడిమి ఆగింది.

లిముంగ వరసల మధ్య పరుగెత్తి చూసింది. ఒక్క మొక్క నలగలేదు. ఏనుగు తన దారిలోనే పడి ఉంది. ఆమె గార్డు కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. "అయ్యా, ఇప్పుడే పై ఆఫీసుకి చెప్పండి. మనుషుల్ని ఆపండి."

"సిగ్నల్ గట్టు మీదే వస్తుందమ్మా. దంతాల లెక్క కూడా చెప్పాలి. వెళ్ళొస్తా," అని బుబాకరి తుపాకీ భుజాన వేసుకుని కొండెక్కాడు.

ఆయన మలుపు తిరిగే లోపల కింది నుంచి గోల వినిపించింది. గంపలు, కత్తులు, గొడ్డళ్ళు, చంకల్లో పిల్లలు. తుపాకీ నాలుగుసార్లు పేలితే నాలుగు ఊళ్ళకి పిలుపన్నమాట. మొదట్లో దారి వెంటే వచ్చారు, మర్యాదగానే. తర్వాత దారి చాలలేదు. మర్యాద కూడా చాలలేదు. కోకో వరసలు చీల్చుకుని ఎగబడ్డారు. పొట్ట కోశారు. పేగులు నీలంగా, పొగలు కక్కుతూ వాలున జారి మొక్కల మొదళ్ళకి చుట్టుకున్నాయి. ఇద్దరు మనుషులు కడుపులోకి దిగి లోపల్నుంచి కోస్తున్నారు, బయటవాళ్ళ కత్తులు లోపలికి దిగుతున్నాయి. ఒకడి చెవి తెగి వేలాడింది. వాడు దాన్ని చేత్తో పట్టుకుని రెండో చేత్తో కోస్తూనే ఉన్నాడు. కాలేయం దగ్గర ఇద్దరు అక్కచెల్లెళ్ళు జుట్లు పట్టుకున్నారు.

"నా తోటలోంచి దిగండి!" అంటోంది లిముంగ. తట్టలు తోస్తోంది, జబ్బలు లాగుతోంది. ఎవరో మోచేత్తో కొడితే ముక్కులోంచి రక్తం కారింది.

పైవైపు మాంసం అయిపోయింది. మోలువా చేతులు తుడుచుకుంటూ, "వొలోకో, పైకాలు తీసుకుని ఊరుకో. కిందది ఎవడెత్తుతాడు?" అన్నాడు.

"పైకాలు పరాయివాడికి పెద్దయ్యా. నేల నాది, నాకు నేలకాలు కావాలి."

"అయితే తిప్పాలి. మూడు టన్నులు."

"తిప్పుదాం. కిందున్న సగం మాంసం మీదేగా!"

ఆ మాట నాదే. ఇంకెవరి మీదికీ తొయ్యను. నీడ కోసం ఆమె పెట్టిన అరటి మానులు నరికించింది నేను. నున్నటి బోదెలు ఏనుగు కింద దూర్చమని చెప్పింది నేను. నలభై మంది గునపాలూ వాసాలూ పట్టుకుంటే ముందు నిలబడి పాట అందుకున్నది నేను. "ఐలేసా! కరి కదలాలి ఐలేసా! కాలు నాదే ఐలేసా!" జనం నవ్వుతూ తోశారు. ఏనుగు కాళ్ళకి కట్టిన తాడు కింది వైపు నుంచి లాగుతున్నవాళ్ళలో ఎవూసి ఒకడు. "బావా, పాట బాగుంది, ఇంకో చరణం వెయ్!" అని అరిచాడు.

ఇంకో చరణం అవసరం రాలేదు. ఏనుగు తిరగలేదు, జారింది. అరటి బోదెల మీద, పేగుల మీద, రక్తంతో తడిసిన వాలు మీద అలా జారుతూ జోరందుకుంది. కోకో మొక్కలు పుల్లల్లా పటపటమన్నాయి. ఒక వరస, రెండు, ఐదు, తర్వాత నేను చూడలేదు. తాడు వదిలి అందరూ పక్కకి దూకారు. ఎవూసి కాలికి తాడు చుట్టుకుంది. తోట అడుగున రాతికట్టకి కొట్టుకుని, కుడి పక్కకి దొర్లి ఆగింది ఏనుగు. దాని కింద తుంటి దాకా ఎవూసి.

నా నేలకాలు పైకి వచ్చి ఆకాశం వైపు నిలబడి ఉంది.

జనం ఎవూసి మీదుగా దూకారు. నిజం, మీదుగానే. కొత్త మాంసం, వెచ్చటిది, కత్తి పడనిది. నేనూ పరుగెత్తాను. ఎవూసిని చూడలేదంటే అబద్ధం. చూశాను, ముందు కాలు తెంపేసుకుని తర్వాత వాడిని లాగుదామనుకున్నాను. నేను ఏనుగు కాలు కోసుకుంటున్నాను, వాడు తన కాలు కోసం ఏడుస్తున్నాడు.

"బావా... బావా, నా కాలు..."

"ఒక్క నిమిషం ఆగరా!" అన్నాను.

లిముంగ మూడుసార్లు అరిచిందట, తర్వాత చెప్పారు. నాకొక్కసారీ వినపడలేదు. తోటపాకలో గడ్డి ఎలుకల కోసం నేను కూరి పెట్టుకున్న నాటు తుపాకీ ఉంటుంది. అది పేలడం మాత్రం విన్నాను. విన్నదానికంటే ముందే తగిలింది, వెనక భాగంలో, రెండు వైపులా సమానంగా. జీవితంలో మొదటిసారి నా నోట మాట బదులు కూత వచ్చింది. ఏనుగు రొమ్ముని కౌగలించుకుని బోర్లా పడ్డాను.

కత్తులు ఎక్కడివక్కడ ఆగాయి. పొగలోంచి ఆమె గొంతు, అరుపు కాదు, మామూలు గొంతే వినిపించింది.

"ముందు మనిషిని తియ్యండి."

తీశారు. అదే నలభై మంది, అవే వాసాలతో. తొడ కింద ఎముకంటూ లేదు, గుడ్డలో చుట్టిన గులకరాళ్ళ మూటలా ఉంది. పట్నం ఆసుపత్రికి మోసుకెళ్ళారు. కాలు తీసేశారని మర్నాడు కబురొచ్చింది. మనిషి బతికాడు.

బుబాకరి గట్టు దిగి వచ్చి చుట్టూ చూసి, నన్ను చూసి, "ఎవరు కాల్చారు?" అన్నాడు.

"నా వెనక ఏం జరిగిందో నాకెలా కనపడుతుందయ్యా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆయన ఊరందర్నీ అడిగాడు. ఎవరికీ కనపడలేదు. దంతాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

పాకలో బోర్లా పడుకోబెట్టి లిముంగ బ్లేడుతో ఒక్కో సీసపు రవ్వా తీసింది. పదిహేడు వరకు నేను లెక్కపెట్టాను. చేతికి ఏనుగు రక్తమూ, తన ముక్కు రక్తమూ, నా రక్తమూ కలిసి ఎండిపోయి ఉన్నాయి.

"ఒక్కటైనా మిగిలిందా?" అన్నాను. మొక్కల గురించే అడిగాను.

"మూలన నాలుగున్నాయి. నీడ లేదు. ఈ ఎండకి వారం ఆగవు."

"మళ్ళీ వేద్దామే. నేను నరికిన అరటి నేనే నాటుతా. విత్తనం తెస్తా, కలుపు తీస్తా..."

బ్లేడు ఆగింది. "నాలుగేళ్ళయ్యా," అంది. "నా దగ్గర ఇంకో నాలుగేళ్ళు లేవు." మళ్ళీ తియ్యడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం ఆడ ఏనుగులు దిగాయి. ఐదు పెద్దవి, ఒక గున్న. అప్పటికి తోటలో ఎముకలూ, ఈగలూ, ఎండి పెళుసెక్కిన రక్తపు బురదా తప్ప ఏం లేవు. అవి తినడానికి రాలేదు. తొండాలతో పుర్రెని తడిమాయి, పక్కటెముకలు దొర్లించాయి, మూలన ఆ నాలుగు మొక్కల వైపు కదిలాయి. నేను కుంటుకుంటూ బయటికొచ్చి ఖాళీ రేకు డబ్బా, కర్ర అందుకున్నాను.

లిముంగ నా చేతిలోంచి కర్ర లాక్కుంది. భుజాన బట్టల మూట ఉంది. అప్పుడే చూశాను.

"తొక్కేస్తాయే!" అన్నాను.

"తొక్కనీ."

"ఎక్కడికి?"

"మా అన్న ఊరికి. ఆయనకి కొండ అవతల బీడుంది. ఏనుగులు తిరుగుతాయక్కడ, మనుషులు తక్కువ." కర్ర ఊతంగా పట్టుకుంది, వంగిన నడుముకి సరిపోయింది. "నేల నీదేగా. ఉంచుకో."

ఒక మాట నోటిదాకా వచ్చింది, మంచిదే, వింటే ఊరు నవ్వేదే. మింగేశాను. ఆమె ఏనుగుల పక్కనుంచి, తొందర లేకుండా, దారి పట్టి నడిచింది. పెద్దది ఒకటి తలెత్తి చూసి, కాస్త జరిగి, దారి ఇచ్చింది.