మాణిక్యమ్మగారి పసరు

మాణిక్యమ్మ పసరు మందుకి ఆకు కొయ్యడానికి బయల్దేరిందంటే ఇక మూగదే. గడప దాటిన దగ్గర్నుంచి ఆకు కోసుకుని తిరిగొచ్చి, రోట్లో నూరి, ముద్ద చేసి రోగి చేతిలో పెట్టేదాకా పెదవి విప్పదు. ఎవరు పిలిచినా పలకదు, వెనక్కి తిరిగి చూడదు. పలికితే ఆకు గుణం పోతుందట. ముప్పై ఆరేళ్ళ కిందట అత్తగారు పోతూ పోతూ ఆవిడకి అప్పగించిపోయిన విద్య అది. పైసా పుచ్చుకోకూడదు, ఆకు పేరు ఎవరికీ చెప్పకూడదు.

ఆ ఆకేంటో తిరువూరులో సగం మందికి తెలుసు. గట్ల మీద, కాలవల పక్కన జానెడెత్తున మొలుస్తుంది. రెమ్మ కింద వరసగా చిన్న చిన్న కాయలుంటాయి, నోట్లో పెడితే చేదు. అయినా ఎవరూ పేరెత్తరు. ఆవిడే చెప్పనప్పుడు మనకెందుకులెండి, మనమూ చెప్పొద్దు.

పచ్చకామెర్లు వచ్చాయంటే చాలు, గంపలగూడెం నుంచీ రెడ్డిగూడెం నుంచీ ఆటోలు కట్టించుకుని వచ్చేవాళ్ళు. మాణిక్యమ్మగారి హస్తవాసి అలాంటిది అనేవాళ్ళు. ఈ మధ్య జనానికి ప్రకృతి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది కదా! కొర్రలట, అండుకొర్రలట, పరగడుపున ఏదో ఒక కషాయమట. నిన్నటిదాకా మొహం చిట్లించుకున్నవాళ్ళే ఇవాళ అవన్నీ ప్యాకెట్లలో కొనుక్కుని మురిసిపోతున్నారు. మనవరాలు నీహారిక ఓసారి నానమ్మ రోలు ముందు కూర్చున్నప్పుడు సెల్లో వీడియో తీసి పెట్టింది. అంతే, బెజవాడ నుంచి కార్లు రావడం మొదలైంది. ఒకసారి ఒక కుర్ర డాక్టరు వచ్చి, "అమ్మగారూ, చాలామందికి కామెర్లు వాటంతటవే తగ్గుతాయండి, కొందరికే ముదురుతాయి, వాళ్ళని మాత్రం ఆపకుండా మా దగ్గరికి పంపించండి" అని దణ్ణం పెట్టి మరీ చెప్పి వెళ్ళాడు. మాణిక్యమ్మ నవ్వి ఊరుకుంది. ఆవిడకి కాస్త గర్వం ఉంది. అబద్ధం ఆడటం దేనికి, బాగానే ఉంది.

వచ్చిన చిక్కల్లా ఆకుతోనే. ఒకప్పుడు దొడ్డి గుమ్మం దాటితే దొరికే ఆకు ఇప్పుడు ఊరంతా గాలించినా దొరకడం లేదు. కలుపు తీసే మనుషులు దొరకరు, దొరికినా కూలి గిట్టదు, అందుకని అందరూ గడ్డి మందు కొట్టేస్తున్నారు. చేలోనూ అదే, గట్టు మీదా అదే. ఆఖరికి రెడ్డిగూడెం రోడ్డు పక్కన, ఒక మామిడి తోటకీ పత్తి చేనుకీ మధ్యనున్న గట్టు ఒక్కటే మిగిలింది. వానాకాలమంతా మాణిక్యమ్మ అక్కడే కోస్తోంది.

ఆ ఆదివారం ఇంకా తెలవారకముందే వెళ్ళింది. ముసురు పట్టి ఉంది. వంగి నాలుగు రెమ్మలు తుంచేసరికి తోట అవతలి నుంచి కేక వినపడింది.

"అమ్మగారూ! ఓ అమ్మగారూ! ఆ గట్టు మీద..."

శౌరయ్య గొంతు. ఆ తోటలో పనిచేసే మనిషి. మాణిక్యమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళుగా నన్ను ఎరిగున్నవాడివి, ఆకు కోసేటప్పుడు పిలవకూడదని తెలియదట్రా నీకు అనుకుంది మనసులో. పైట తల మీదికి లాక్కుని, ఇంకాస్త గబగబా కోసింది. వాడు మళ్ళీ మళ్ళీ అరిచాడు. తోటకీ గట్టుకీ మధ్య కాలవ నిండుగా పారుతోంది, దాటి వచ్చేలోపు ఆవిడ రోడ్డెక్కేసింది. ఆకు తడితడిగా ఉంది. రాత్రి జల్లు కదా అనుకుంది. ఏదో ఘాటు వాసన కూడా తగిలింది. పత్తికి కొట్టిన మందు గాలికొచ్చిందిలే అని సరిపెట్టుకుంది.

ఇంటి దగ్గర పుష్పలత కూతుర్ని తీసుకుని అరుగు మీద కూర్చుని ఉంది. వినగడప మనిషి, వ్యవసాయ కూలి. పెనిమిటి పోయాక ఇద్దరాడపిల్లల్నీ రెక్కల కష్టం మీద సాకుతోంది. పెద్దది గ్లోరి, ఇంటరు రెండో ఏడు. కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. ముసురుకి జడిసి ఆ వారం ఇంకెవరూ రాలేదు. వచ్చుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మాణిక్యమ్మ ఆకు నూరి, రేగ్గాయంత ముద్ద చేసి, మిగిలిన పసరంతా మజ్జిగలో పిండి ఇచ్చింది. గ్లోరి తాగి మొహం వికారంగా పెట్టింది.

"నోరు మండుతోందండి అమ్మమ్మగారూ."

"మందన్నాక మండదా మరి? పాయసం అనుకున్నావా ఏంటే?" అని బుగ్గ గిల్లింది మాణిక్యమ్మ. "ఉప్పు, నూనె, పులుపు ముట్టుకోమాక. ఇంగ్లీషు మందులు పక్కన పెట్టు. మూడు ఆదివారాలు. ఆ తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు మేకపోతు మాంసం తిను."

గ్లోరి పకపకా నవ్వింది. నవ్వితే పై పన్ను ఒకటి వంకరగా కనపడేది ఆ పిల్లకి.

సోమవారం పొద్దున్నే పుష్పలత ఫోను. నోరంతా పుళ్ళు, నాలుక తోలూడిపోతోంది, ఒకటే వాంతులు.

"లోపలి విషం బయటికొస్తోందే. కంగారు పడమాక. పత్యం ఏమన్నా తప్పిందా?"

"తప్పలేదండి. ఉప్పు కల్లు కూడా తగల్లేదు."

"తప్పే ఉంటుంది, చూసుకో" అని పెట్టేసింది మాణిక్యమ్మ. నిజంగా అలాగే నమ్మింది. సోమవారం నాటికి ఆవిడ తప్పు అంతవరకే.

మంగళవారం శౌరయ్య ఇంటికొచ్చాడు. చేతిలో తువ్వాలు నలుపుకుంటూ వాకిట్లో నిలబడ్డాడు.

"ఆదివారం పిలిస్తే పలకలేదేంటి అమ్మగారూ? అంతకుముందు సాయంత్రం ఆ గట్టంతా గడ్డి మందు కొట్టానండి. వాన మొదలయ్యిందని ట్యాంకులో మిగిలింది కూడా అక్కడే ఒంపేశాను. తెల్లారి మీరు అక్కడే కోస్తుంటే గుండె ఆగినంత పనైంది నాకు. కాలవ చుట్టూ తిరిగొచ్చేసరికి మీరు లేరు. ఇంటికొచ్చేద్దామనుకుంటే మా ఆవిడకి జ్వరమొచ్చి పడింది. ఆ ఆకు పారేశారు కదండీ?"



"పారేశాన్రా" అంది మాణిక్యమ్మ.

"అమ్మయ్య!" అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు వాడు.

మొగుడు అంకారావు లోపల మంచం మీద నుంచి అంతా విన్నాడు. పిల్ల సంగతి కూడా ఆయనకి తెలుసు. "నోరెత్తమాక" అన్నాడు మెల్లగా. "పోలీసు కేసవుద్ది. వీడియోలో నీ మొహం ఊరంతా చూసింది. ఆ పిల్లకి తగ్గిపోద్దిలే. నువ్వు కావాలని చేశావా ఏంటి?"

కావాలని చెయ్యలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని మాణిక్యమ్మ ఆ పూటంతా గడిపింది. అన్నం సహించలేదు. గట్టు దగ్గరికి వెళ్ళి చూసొచ్చింది. ఆవిడ కోయగా మిగిలిన మొక్కలన్నీ మాడి నల్లబడి నేలకంటుకుపోయి ఉన్నాయి. అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడ్చి, చెంగుతో కళ్ళు తుడుచుకుని ఇంటికొచ్చింది. పుష్పలతకి మాత్రం ఫోను చెయ్యలేదు.

బుధవారం మధ్యాహ్నం పుష్పలత బెజవాడ ఆసుపత్రి నుంచి ఫోను చేసింది.

"అమ్మగారూ, డాక్టర్లు అడుగుతున్నారండి. పిల్లకి ఆయాసం మొదలైంది. ఒంట్లోకి ఏం పోయిందో తెలిస్తే దానికి తగ్గట్టు చూస్తారంట, తెలియకపోతే చీకట్లో తడుముకోవడమే అంటున్నారు. మీరు ఇచ్చింది ఏంటండీ? ఏం కలిపారండీ అందులో?"

మాణిక్యమ్మ నోరు తెరిచింది. గడ్డి మందు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంకారావు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"పేరు చెప్పకూడదమ్మా. చెప్తే గుణం పోతుంది" అంది.

"ఆకేనా అండీ? ఇంకేం లేదు కదా?"

"ఆకే. ఇంకేం లేదు."

"అలాగేనండి, అదే చెప్తాను" అంది పుష్పలత, ఎంతో నమ్మకంగా.

ఛీ, ఏం మనిషివే నువ్వు! అత్తగారి నియమాన్ని తీసుకొచ్చి ఇలా వాడుకున్నావే! అని తనని తానే తిట్టుకుంది మాణిక్యమ్మ. ఫోను చేతిలోకి తీసుకుంది, పెట్టేసింది. మళ్ళీ తీసుకుంది. గురువారం పొద్దున చీర మార్చుకుని తిరువూరు బస్టాండు దాకా వెళ్ళింది. బెజవాడ బస్సు వచ్చి ఆగింది. కండక్టరు "ఎక్కుతారా అమ్మా?" అని అడిగాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళెవరో గుర్తుపట్టి, "మాణిక్యమ్మగారా, మా బావమరిదికి మీరే కదండీ తగ్గించింది!" అని నమస్కారం పెట్టారు. ఆవిడ తిరిగి నమస్కారం పెట్టి, బస్సెక్కకుండా ఇంటికొచ్చేసింది.

శనివారం గ్లోరి చచ్చిపోయింది. ఊపిరాడక పోయిందన్నారు.

ఆ తర్వాత పుట్టిన పుకారు అంతకంటే పాపం. నోట్లో పుళ్ళు చూసి డాక్టర్లకి అనుమానం వచ్చి, పిల్ల పురుగుల మందులాంటిదేమన్నా తాగిందా అని తల్లిని అడిగారట. అడగడం వాళ్ళ పని. దాన్ని పట్టుకుని ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా అల్లేశారు. కాలేజీలో ఎవడో ఉన్నాడట, వాడు కాదన్నాడట, ఇది తాగేసిందట. సమాధి మీద మట్టి ఆరకముందే ఆ పిల్లకి లేని ప్రేమ ఒకటి అంటగట్టారు. కొట్టు దగ్గర ఆ మాట మాణిక్యమ్మ చెవిన కూడా పడింది. విని, తలొంచుకుని, కొనాల్సిన సరుకు కొనకుండానే వచ్చేసింది.

మూడు వారాలు ఆవిడ ఆకు కొయ్యలేదు. వచ్చినవాళ్ళకి ఒంట్లో బాగాలేదని చెప్పించింది. నాలుగో ఆదివారం పొద్దున తలుపు తీసేసరికి అరుగు మీద పుష్పలత. చిక్కి సగమైంది. పక్కన రెండో కూతురు కీర్తన, పదేళ్ళ పిల్ల, అమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉంది. దాని కళ్ళు కూడా పచ్చగా ఉన్నాయి.



"దీనికి కూడా వచ్చినయ్యండి. మా వీధి కుళాయి నీళ్ళే బాగోలేదంట" అంది పుష్పలత. "పెద్దదానికి ఒక్క ఆదివారంతోనే ఆగిపోయింది కదండీ, మూడూ పడి ఉంటే బతికేది. దీనికి మూడూ ఇప్పిస్తాను. ఎన్ని పత్యాలు చెప్తే అన్నీ చేయిస్తాను."

"నా దగ్గర మందు లేదే. పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఇప్పుడే తీసుకెళ్ళు."

పుష్పలత మొహం వాడిపోయింది. మెల్లగా, "మీరు కూడానా అండీ?" అంది. "ఊళ్ళో వాళ్ళు అంటే అన్నారు. మా చర్చిలో వాళ్ళు కూడా నా వంక అదోలా చూస్తున్నారు. మీరు కూడా నా బిడ్డ తాగి చచ్చిపోయిందనే అనుకుంటున్నారా? అందుకేనా మందివ్వనంటున్నారు? అది అలాంటిది కాదండి. దాని పుస్తకాలన్నీ తీసి చూశాను, సంచి చూశాను, సెల్లు పక్కింటి అబ్బాయితో తెరిపించి చూశాను. ఏమీ లేదండి. నా బిడ్డ పుస్తకాలు నేనే వెతికానండి, దొంగని వెతికినట్టు."

వెనక నుంచి అంకారావు "మాణిక్యం" అని పిలిచాడు. ఆవిడ పలకలేదు.

"నీ కూతురు ఏమీ తాగలేదు" అంది మాణిక్యమ్మ. "నేనే తాగించాను. ఆకు మీద గడ్డి మందు ఉంది. ముందురోజే కొట్టారంట ఆ గట్టు మీద. శౌరయ్య చెప్పబోయాడు, నేను వినలేదు. కోసేటప్పుడు మాట్లాడకూడదని ఆగలేదు. నేనే నూరి నా చేత్తో ఇచ్చాను."

వీధిలో ఒక ఆటో వెళ్ళింది. కీర్తన అమ్మ మొహంలోకీ మాణిక్యమ్మ మొహంలోకీ మార్చి మార్చి చూసింది. పుష్పలత కొడుతుందేమో, శాపనార్థాలు పెడుతుందేమో అనుకుంది మాణిక్యమ్మ. అలా చేస్తే బాగుండుననుకుంది.

"తెలియక చేశారు" అంది పుష్పలత. "మీకెప్పుడు తెలిసిందండీ?"

అబద్ధం చెప్పడానికి ఇప్పటికీ వీలుంది. నిన్ననే తెలిసిందని అంటే పుష్పలత నమ్మేది. నమ్మి, ఏడ్చి, ఎప్పటికైనా క్షమించేది కూడాను.

"మంగళవారం."

"ఏ మంగళవారం?"

"తాగిన మూడో రోజు. నువ్వు ఆసుపత్రి నుంచి ఫోను చెయ్యడానికి ముందురోజు."

పుష్పలత అరుగు మీద నుంచి లేచింది. కీర్తన చెయ్యి పట్టుకుంది. రెండు అడుగులు వేసి ఆగింది.

"బుధవారం అది బాగానే మాట్లాడిందండి" అంది. "డాక్టర్లు నన్ను అడుగుతుంటే నేను బిత్తరపోయి నిలబడ్డాను. అదే నా చెయ్యి పట్టుకుని చెప్పింది. అమ్మా, అమ్మమ్మగారికి ఫోన్ చెయ్యి, ఆవిడకి తెలుస్తుంది, ఆవిడ చెప్తారు అని."

పిల్లని నడిపించుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళి, ఆసుపత్రి వైపు వెళ్ళే ఆటోకి చెయ్యెత్తింది.