నీలిదారం

రోలర్ల మధ్య నుంచి దుప్పటి బయటికి వచ్చేసరికి అక్క ముంజేతుల మీద చెమట ఆరి ఉప్పుగీతలు తేలాయి. లాండ్రీ ఇస్త్రీ గదిలో పద్నాలుగేళ్లుగా అదే పని, అక్కడ అందరికీ ఆమె అక్కే. ఆవిరిలో కొస పట్టుకోవడం, లాగడం, మడవడం. మూడుసార్లు కాలిన బొటనవేలి గోరు పెంకులా గట్టిపడింది. నెల కిందట ఆమెను గదికి పెద్దను చేశారు. పెద్దరికం వచ్చిందన్న మాటేగాని కాళ్లనొప్పుల్లో తేడా ఏమీ లేదు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. దుప్పటి కాల్చినవాళ్లు తమకిచ్చిన రంగు దారంతో అంచున కుట్టు వేసి, పైనున్న గుమాస్తాకు పంపాలి. అంతకుముందు పెద్దగా ఉండి, అందరూ బాబాయి అని పిలిచే ఆయన మాత్రం, ఎవరు కాల్చినా తన నీలిదారమే కుట్టేవాడు. "పెద్దనన్నాక మాట పడాల్సింది నేనేనమ్మా" అనేవాడు. ఆ ఒక్క మాటకే అక్క ఆయన్ని గుండెల్లో పెట్టుకుంది. పెద్దనైతే బాబాయిలా ఉండాలనుకుంది.

ఆ రోజే బాబాయి విరమణ. సాయంత్రం ఆయన గురించి నాలుగు మాటలు చెప్పే పని అక్కదే. రాసుకున్న కాగితం జేబులో ఉంది.

పదకొండింటికి, గదిలో అందరికన్నా పొడుగామె దుప్పటి కాల్చింది. అక్క పెద్దరికంలో దుప్పటి కాలడం అదే మొదటిసారి. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాని మనిషి, ముఖం పాలిపోయింది. అక్క తన ఎర్రదారంతో కుట్టు వేసి, తానే పైకి తీసుకెళ్లింది.

గుమాస్తా నవ్వాడు. "దారం సరేలే అక్కా, అసలు కాల్చిందెవరు? కింద గదిలో దారం, పైన నా పుస్తకంలో పేరు. బాబాయి నీకు నేర్పలేదా?"

పుస్తకం ఆమె వైపు తిప్పాడు. నిండా బాబాయి గుండ్రటి చేతిరాత. కాలిన ప్రతి దుప్పటికీ ఒక పేరు, ఎక్కడా ఆయనది లేదు. అక్క పేరు పదకొండుచోట్ల ఉంది. అందులో ఒకటి ఆమెకు కూతురు పుట్టిన వారం. ఆ వారం ఆమె గదిలోనే లేదు.

ఆరేళ్లపాటు తనను పర్మనెంటు ఎందుకు చేయలేదో అప్పుడర్థమైంది. ప్రతిసారీ బాబాయే వెన్ను తట్టి, నీకోసం గట్టిగా మాట్లాడానమ్మా అన్నాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. కోపం కన్నా ముందు సిగ్గేసింది, ఇన్నాళ్లూ ఎవరిని చూసి నేర్చుకున్నాను అని.

గుమాస్తా కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పొడుగామె పేరు చెబితే ఆమె ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే కొత్త పెద్దరికానికి తొలి నెలలోనే మచ్చ. అక్క కలం అందుకుని తన పేరు రాసింది. ఇన్నేళ్లూ బాబాయి చేస్తున్నాడనుకున్న పని మొదటిసారిగా ఆ రోజే జరిగింది.

సాయంత్రం ఇస్త్రీ గదిలోనే అందరూ చేరినప్పుడు ఆమె కాగితం తీయలేదు. బాబాయి దగ్గర చాలా నేర్చుకున్నానని చెప్పి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. వెళ్తూ వెళ్తూ ఆయన వెన్ను తట్టబోయాడు.

"పుస్తకం చూశాను బాబాయ్."

చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "నాకూ పిల్లలున్నారమ్మా" అన్నాడు. ఎవరి వైపూ చూడకుండా గేటు దాటి వెళ్లిపోయాడు.

ఆయన కళ్ళజోడు మరిచిపోయాడని పొడుగామె చెప్పింది. అది లేకపోతే బస్సు నంబరు కూడా కనపడదు పాపం, అంది. వేరే రోజైతే అక్క చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తేదే. ఇప్పుడు తరువాతి దుప్పటి కొస అందుకుంది. బల్ల మీద కళ్ళజోడు అద్దాలు ఆవిరికి మెల్లగా మసకబారుతున్నాయి.