పదకొండో కుర్చీ

మా అక్క మొగుడు నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. కార్మికుల కమిటీలో పది సీట్లతో ఆగకూడదు, పదకొండు చేయాల్సిందేనని నేను బల్ల గుద్దిన రోజు ఆయన అలాగే నవ్వాడు.

"నీ మాట ఎప్పుడు కాదన్నాను మరదలా!" అన్నాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

మా మిల్లులో నూట నలభై మందిమి. నేతలో అరవై, స్పిన్నింగ్‌లో అరవై, రంగుల గదిలో మేం ఇరవై. పది సీట్లంటే పద్నాలుగు మందికి ఒకటి. పెద్ద విభాగాలకు నాలుగేసి సీట్లు పోగా నలుగురేసి మిగులుతారు, మాకు ఒకటి పోగా ఆరుగురు. మిగులు ఎక్కువ ఉన్నవాళ్లకి చివరి సీటు. అలా మాకు రెండొచ్చాయి, నాదొకటి, అక్కదొకటి. నేతవాళ్ల నాయకుడైన బావ మొదట్లో ఇంకో పద్ధతి తెచ్చాడు. ఒక్కో విభాగం సంఖ్యని ఒకటితో, రెండుతో, మూడుతో భాగిస్తూ పోయి, వచ్చినవాటిలో పది పెద్ద అంకెలకు సీట్లిస్తారట. అందులో మాకు ఒక్కటే. నానా గొడవా చేసి దాన్ని కొట్టేయించింది నేనే.

మాకు కావాల్సింది ఒక ఫ్యాను. రంగుల గదిలో ఆవిరిని బయటికి లాగేది. అక్కకు దగ్గు పట్టుకుంది, రెండు మాటలు మాట్లాడితే ఊపిరందదు. కానీ నేతవాళ్లు భోజనం చేసే వసారాలోకి ఆ కంపు వస్తుందని బావ ససేమిరా అంటాడు, సొంత పెళ్లాం దగ్గుతున్నా సరే! ఓట్లలో ఓడుతూనే ఉన్నాం. ఇంకో సీటు పెరిగితే మాకే వస్తుందని ఆశపడ్డాను.

సెక్రటరీ నూట నలభైని పదకొండుతో భాగించాడు. పదమూడు కూడా రాలేదు. ఈసారి నేతకు, స్పిన్నింగ్‌కు తొమ్మిదేసి మంది మిగిలారు, మాకు ఏడుగురు. మిగిలిన రెండు సీట్లూ వాళ్లవే. ఐదు, ఐదు, ఒకటి.

"సీటు పెరిగితే మాది పోవడమేంటి? ఇదెక్కడి న్యాయం!" అని అరిచాను.

"నా పద్ధతిలో ఇలా జరగదు. సీట్లు పెరిగితే ఎవరిదీ ఊడదు. వద్దన్నది నువ్వే" అన్నాడు బావ.

"నీ పద్ధతిలో మొదటే ఒకటిస్తావు, ఇక ఊడటానికేముంది? ఇదంతా నీకు ముందే తెలుసు కదూ?"

"లెక్కేసి చూసుకున్నా. నువ్వూ చూసుకోవాల్సింది."

మా గది ఎన్నికలో అక్క కంటే నాకు ఓట్లు ఎక్కువ వచ్చాయి కాబట్టి అక్క కుర్చీ ఖాళీ చేసింది. ఏ విషయమైనా చర్చకు రావాలంటే ఒకరు ప్రతిపాదించాలి, సభ్యుల్లోనే ఇంకొకరు బలపరచాలి. ఇక మా ఫ్యాను మాట ఓటు దాకా కూడా వెళ్లదు.

అయినా లేచాను. "రంగుల గదికి ఫ్యాను పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేదెవరు?"

అందరూ తలలు వంచుకున్నారు. బావ వైపే చూశాను. తలుపు దగ్గర నిలబడ్డ అక్క, గోళ్లలో నీలం రంగుతో చెయ్యెత్తింది.

"నేను... బలపరుస్తున్నాను" అంటూనే దగ్గుతెర వచ్చి గోడ పట్టుకుంది.

సెక్రటరీ పెన్ను తీశాడు. బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "రాయకండి. ఆవిడ సభ్యురాలు కాదు."

దగ్గు ఆగాక అక్క కొంగుతో మూతి తుడుచుకుని, మొగుడికేసి చూసింది.

"ఇంటి తాళం బల్ల మీద పెడుతున్నానండీ. నేను చెల్లెలి దగ్గరే ఉంటాను. అక్కడికొచ్చి పిలవకండి, నేను సభ్యురాల్ని కాదుగా."