చూరులో దోపిన కవర్లు

వేప పప్పు దంచి మూటగట్టి రాత్రంతా కుండలో నానబెట్టడం, తెల్లారాక ఆ మూట పిండి కషాయం తీయడం గౌరీశ్వరి పని. సాయంత్రం దాన్ని జీడితోటకు తీసుకెళ్లి పూత మీద కొట్టడం మొగుడు నారాయణరావు పని. ఊళ్లో ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం మందు నారాయణరావుది. నిజానికి టెక్కలి డ్వాక్రా మీటింగులో నేర్చుకొచ్చింది ఆమె. వేపదైనా మందు మందేనని, చేతులకు కవర్లు తొడుక్కోవాలని, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలని, వంటగిన్నెలు వాడొద్దని అక్కడ ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఆమె అలాగే మొదలుపెట్టింది. అరుగు మీద కూర్చున్న అత్త మహాలక్ష్మమ్మ నవ్వింది. "వేప పసరుకి ముసుగేటే, దొరసానిలాగ?" నారాయణరావూ నవ్వాడు. రోజూ నవ్వులపాలవడం ఎందుకని ఆ కవర్లు తీసి చూరులో దోపేసింది.

ఈ ఏడు పూత మొదలైన దగ్గర్నుంచి ఆమె చేతులు మండుతున్నాయి. వేళ్ల సందుల్లో తోలు ఊడుతోంది. వంగితే కళ్లు తిరుగుతున్నాయి. పని ఎగ్గొట్టడానికి వేషాలని అత్త తేల్చేసింది. గౌరీశ్వరి ఆ చేత్తోనే కలిపిన పెరుగన్నం తిని కూతురు కుసుమ వాంతులు చేసుకుంటే, దిష్టి తీసి ఊరుకుంది. నిజం చెప్పొద్దూ, గౌరీశ్వరి కూడా దిష్టే అనుకుంది.

ఆ సాయంత్రం కషాయంలో సబ్బునీళ్లు కలపడం మరిచిపోయానని గుర్తొచ్చి, సీసా పట్టుకుని తోటకు పరుగెత్తింది. సబ్బు లేకపోతే మందు ఆకుకు అంటదు. జీడిచెట్ల మధ్య ఎవరో మందు కొడుతున్నాడు. ముక్కూ నోరూ మూసి తుండుగుడ్డ, పొడుగు చేతుల చొక్కా, చేతులకు కవర్లు. కూలికి ఎవరినో పెట్టాడనుకుంది. దగ్గరికెళ్తే తన మొగుడే. ఆ కవర్లు తను చూరులో దోపినవే.

"వేప పసరుకి ముసుగేటి బావా?" నవ్వుతూనే అడిగింది.

అతను గుడ్డ కిందికి లాగి, ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఉత్త వేపకి పూత రసం పీల్చే దోమ చావడం లేదట. అందుకని పూత మొదలైన దగ్గర్నుంచి, ఆమె పడుకున్నాక, పురుగుమందు డబ్బా తెచ్చి నానబెట్టిన కుండలో పోస్తున్నాడట. రాత్రంతా కలిసి నానితే బాగా పనిచేస్తుందట.

"పొద్దున్నే దాన్ని పిండేది నేను కదేటి. నాకు సెప్పలేదేటి?"

"సెప్తే నువ్వు పిండవు కదేటి."

 మరుపైతే ఆమె సర్దుకునేది. తెలియనితనమైతే తిట్టి ఊరుకునేది. కానీ ఈ మనిషి ఆలోచించాడు. కూర్చుని తన చేతుల గురించీ, ఆమె చేతుల గురించీ ఆలోచించి, ఆ కవర్లు తను తొడుక్కున్నాడు. ఇన్నాళ్లూ ఎవరి పక్కన పడుకున్నానా అని ఆమెకు భయం వేసింది. ఇంటికొచ్చి చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. అయినా నమ్మకం చాలక, కుసుమకు చెంచాతో అన్నం పెట్టింది.

రాత్రి ఎప్పటిలాగే మూట నానబెట్టి, మర్నాడు తొలి బస్సు వేళకు ఆ కుండను తెచ్చి నారాయణరావు ముందు పెట్టింది.

"పిండు బావా. ఉత్త సేతుల్తో."

అతను రోషంగా చెయ్యి చాచాడు. అరుగు మీంచి మహాలక్ష్మమ్మ ఒక్క ఉదుటున లేచింది.

"ఒరే నాయినా, అందులో సెయ్యెట్టకురా. అది విషం."

ఎప్పటినుంచి తెలుసని గౌరీశ్వరి అడగలేదు. కుసుమను చంకనెత్తుకుని, డాక్టరుకు చూపించడానికి ఆ పురుగుమందు డబ్బా సంచిలో వేసుకుని, పలాస బస్సెక్కింది.