మిసెస్ టటిల్ మెట్లు దిగే తీరు

ఆదివారం మధ్యాహ్నం హాలిఫాక్స్‌లో రైలు దిగి, పెట్టె మోసుకుంటూ వీధి మలుపు తిరగగానే మ్యూరియల్ థ్రాప్‌కు గుండె జారిపోయింది. తను దిగబోయే మిసెస్ ఓల్డ్‌రాయ్డ్ ఇంటి కిటికీలో, పూలకుండీ పక్కన, లండన్‌లో ఆడి ఇప్పుడు ఊళ్లు తిరుగుతున్న తమ నాటకం పోస్టరు నిలబెట్టి ఉంది.

మ్యూరియల్‌కు యాభై రెండేళ్లు. అందులో ముప్పై ఏళ్లు రంగస్థలం మీదే గడిచాయి గానీ, చాలామటుకు టీ ట్రే పట్టుకొచ్చి "అమ్మగారు ఇంట్లో లేరండీ" అని చెప్పి వెళ్లడానికే సరిపోయాయి. వంటమనిషి, నర్సు, పక్కింటావిడ. పోస్టరు మీద ఆమె పేరు కళ్లద్దాలు లేకుండా చదివినవాళ్లు లేరు. అలాంటి మనిషికి కిందటేడు లండన్‌లో అదృష్టం తన్నుకొచ్చింది. ఇళ్లు తుడిచే మిసెస్ టటిల్ పాత్ర. మెట్లు పక్కవాటుగా పీతలా దిగుతుంది. పొడిగా ఉన్న చేతుల్నే ఏప్రన్‌కు తుడుచుకుని, "నేను ఒకరి సంగతి మాట్లాడేదాన్ని కాదు గానీ" అంటూ ఊరందరి సంగతీ చెబుతుంది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఈవిణ్ణి ఎక్కడ పట్టుకొచ్చారని పత్రికవాళ్లు అడిగితే, అంతా ఊహేనని చెప్పింది మ్యూరియల్.

ఊహా లేదు, పాడూ లేదు. అదంతా మిసెస్ ఓల్డ్‌రాయ్డే.

పదిహేనేళ్ల కిందట ఈ ఊళ్లో న్యుమోనియాతో పడిపోతే, నాటక కంపెనీ మ్యూరియల్‌ను వదిలేసి తర్వాతి ఊరికి వెళ్లిపోయింది. నటులకు గదులిచ్చే ఈవిడే మూడు వారాలపాటు, తుంటి నొప్పితో మెట్లెక్కి వచ్చి సూప్ తాగించింది. జ్వరంలో పడుకుని మ్యూరియల్ విన్నదల్లా ఆ అడుగుల చప్పుడే. ఒక మెట్టు, కాస్త ఆగడం, చిన్న మూలుగు, ఇంకో మెట్టు. నేర్చుకోవాలని నేర్చుకోలేదు. వాడుకోవడం మాత్రం తెలిసే వాడుకుంది.

"ఈసారి నీ వేషమేంటమ్మా? మళ్లీ టీ ట్రేనా?" అంది మిసెస్ ఓల్డ్‌రాయ్డ్, చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంటూ.

"అలాంటిదేనండీ. చూడ్డానికి పెద్దగా ఏం లేదు."

"నేను ఒకరి సంగతి మాట్లాడేదాన్ని కాదు గానీ, పోయిన నెల దిగిన గారడీవాడు తనకు చేతకాని విద్య లేదనుకున్నాడు, ఒక్కటీ సరిగ్గా రాదు. అయినా సోమవారం ఆటకు రెండు టికెట్లు నా చేతిలో పెట్టాడు."

ఇంట్లో దిగిన నటులు ఇంటావిడకు మొదటి రోజు ఆటకు ఉచితంగా టికెట్లివ్వడం ఎప్పటినుంచో ఉన్న మర్యాదే. "ఈసారి కంపెనీవాళ్లు ఎవరికీ ఇవ్వట్లేదండీ," అంది మ్యూరియల్. ఇంటావిడకని కంపెనీ ఇచ్చిన రెండు టికెట్లూ ఆమె చేతిసంచిలోనే ఉన్నాయి.

"పోన్లే తల్లీ. నీ చేతుల్లో ఏముంది."

కిటికీలో పోస్టరు పెట్టిన ప్రతి ఇంటికీ థియేటరువాళ్లే విడిగా రెండు టికెట్లు పంపుతారు. ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉన్న మనిషికి ఆ సంగతే గుర్తు రాలేదు. సిగ్గు తెచ్చే మతిమరుపు అలా ఉంటుంది.

సోమవారం రాత్రి మ్యూరియల్ మెట్లు దిగుతూ నాలుగో మెట్టు దగ్గర మూలగగానే హాలు గొల్లుమంది. మూడో వరసలో, ఇంటావిడకు పక్కింట్లో ఉండే ఎల్సీ పడీ పడీ నవ్వుతూ పక్కనున్న ఆవిణ్ణి మోచేత్తో పొడుస్తోంది. ఆకుపచ్చ కోటు వేసుకున్న ఆ పక్కావిడ, మిసెస్ ఓల్డ్‌రాయ్డ్, నవ్వడం లేదు. మ్యూరియల్ ఆట ఆపలేదు. ఆపడం ఆమెకు రాదు.

మంగళవారం పొద్దున టిఫిన్ బల్ల దగ్గర తలొంచుకుని కూర్చుంది. పైనుంచి అడుగుల చప్పుడు. ఆగడం లేదు, మూలుగు లేదు. మిసెస్ ఓల్డ్‌రాయ్డ్ మెట్ల పక్క చెక్క కమ్మీ పట్టుకుని, తిన్నగా, ఒక్కో మెట్టూ నిటారుగా దిగి వస్తోంది. మొహం పాలిపోయింది, పెదవి పంటి కింద నలుగుతోంది.

"ఎల్సీ తెగ నవ్విందమ్మా," అంది గుడ్లు వడ్డిస్తూ. చేతులు ఏప్రన్ దాకా వెళ్లి ఆగిపోయాయి. "నేను ఒకరి..." అని నోరు మూసుకుంది.

"మిసెస్ ఓల్డ్‌రాయ్డ్, నేను..."

"బాగా చేశావు. మెట్లు దిగితే అంత నవ్వొస్తుందని నాకు తెలీదు. ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు." కుర్చీ వీపు పట్టుకుని కాసేపు నిలబడింది. "టికెట్లు లేవన్నావు చూడు, అప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. తిను, చల్లారిపోతాయి."

మ్యూరియల్ తినలేకపోయింది. ఆవిడ తిరిగి పైకి వెళ్తుంటే, అంతే తిన్నగా పడుతున్న ఒక్కో అడుగునూ కూర్చుని వింది.

ఆ సాయంత్రం ఆటకు ముందే నిశ్చయించుకుంది. మిసెస్ టటిల్ ఇకమీదట అందరిలాగే దిగుతుంది. తెర లేచింది. మొదటి మెట్టు తిన్నగా దిగింది. రెండోది, మూడోదీ అలాగే. హాల్లో ఎవరో దగ్గారు. ఒక్కరూ నవ్వలేదు. ముప్పై ఏళ్లు ట్రేలు మోసినప్పుడు విన్న నిశ్శబ్దమే అది.

నాలుగో మెట్టు మీద మ్యూరియల్ పక్కకు తిరిగి మూలిగింది. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు చెవిన పడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అంత హాయిగా అనిపించినందుకే, ఐదో మెట్టు మీద తలెత్తలేకపోయింది.