సగం బిళ్ళ

మా అల్లుడికి చలి పుట్టిన పూట బయట ఎండ ఎలా ఉందంటే, దండెం మీద ఆరేసిన బట్టలు వాటంతట అవే దిగి నీడలోకి నడిచాయి. నేనిలాంటివి చెబితే మా అమ్మాయి నవ్వుతుంది. ఆ రోజు నవ్వలేదు. కుట్టుమిషను మీద చొక్కా చెయ్యి సగంలోనే వదిలేసి, మొగుడి మీద మూడో దుప్పటి కప్పుతోంది.

అల్లుడు బోరుబండి మీద పనిచేస్తాడు. నేనూ ఒకప్పుడు ఆ బండి మీద ఒళ్ళు అరగదీసుకున్నవాణ్ణే. కంపెనీవాళ్ళు వీళ్ళని సముద్రం దాటించి, ఎప్పుడూ వాన కురిసే ఓ దేశంలో నీళ్ళ బోర్లు వేయించారు. అక్కడి దోమ కుడితే మలేరియా, అదీ ప్రాణాల మీదికి తెచ్చే రకం. అందుకే బయల్దేరేముందు డాక్టరమ్మ అందరికీ బిళ్ళలిచ్చింది. రోజూ ఒకటి, అక్కడున్నన్నాళ్ళూ వేసుకోవాలి, ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్ళు మానకూడదు అని మరీ మరీ చెప్పింది.

వచ్చి వారం దాటింది. ఇప్పుడీ జ్వరం. పైగా ఆ మధ్యాహ్నమే లారీ వస్తుంది, కొండల మీద ఇంకో పనికి పోవాలి. అక్కడ ఆస్పత్రి మాట దేవుడెరుగు, ఆస్పత్రికి దారి చెప్పేవాడు కూడా దొరకడు.

అమ్మాయి ఫోను చేస్తే డాక్టరమ్మ ఒకటే మాట అంది. "బిళ్ళలు వేసుకున్నా సరే, ఆ దేశం నుంచి వచ్చినవాళ్ళకి జ్వరమొస్తే రక్తం చూడాల్సిందే. రేపు, ఎల్లుండి అనొద్దు. ఇప్పుడే తీసుకురండి."

తీసుకెళ్ళడానికి వాడేమైనా చంకనెత్తుకునే పిల్లాడా?

"ఒక్కరోజు కూడా బిళ్ళ మానలేదే. ఇది ఉత్త పడిశం," అని గోడవైపు తిరిగాడు. పళ్ళు టకటకమంటున్నాయి. "లారీ వచ్చాక లేపు. నేను పోకపోతే నా జంటవాడు ఒంటరిగాడైపోతాడు."

"నువ్వు పోతే నేను ఒంటరిదాన్నవుతాను, అది పట్టదా?" అంది అమ్మాయి. నావైపు తిరిగి, "నాన్నా, చూస్తూ కూర్చుంటావేం? నువ్వు చెప్పు!"

నేను చెబితే వినే రకం కాదు వాడు. నా మాటలో సగం కోతలని వాడి నమ్మకం. సగమే అనుకోవడం వాడి మంచితనం. సరే, కోతలే కోద్దామని మంచం పక్కన కుర్చీ లాక్కున్నాను. కనీసం లారీ వచ్చేలోపు వాణ్ణి లేచి కూర్చోబెట్టాలి.

"అల్లుడుగారూ, మీరు చూసినవీ ఒక దోమలేనా? మా రోజుల్లో అడవిలో బోరు వేస్తుంటే ఒకటి వచ్చి బండి మీద వాలింది. బండి ఒకవైపు ఒరిగిపోయింది! ఇంజను ఆయిలు మొత్తం పీల్చి, త్రేన్చి, మా మేస్త్రీ వైపు చూసింది. నేనూరుకుంటానా? జేబులోంచి మలేరియా బిళ్ళ తీసి, నిండు బిళ్ళ, దాని నోట్లో..."

దుప్పట్ల కింద వాడు కదిలాడు. నవ్వే అనుకుంటా.

"నిండు బిళ్ళ దోమకేసి పారేశారా మామయ్యా? మేమిద్దరం సగం సగంతో నెట్టుకొచ్చాం."

అమ్మాయి వాడి మొహం మీంచి దుప్పటి లాగింది.

"ఎవరిద్దరు?" అంది అమ్మాయి.

"నేనూ, నా జంటవాడు హారనూ. పడవ దిగేటప్పుడు వాడి సంచి నీళ్ళపాలైంది. బిళ్ళలు కూడా అందులోనే. జంటవాడికి పెట్టకుండా నేనొక్కణ్ణే ఎలా మింగుతానే? రోజూ చెరిసగం. ఇక్కడికొచ్చాక కూడా అంతే."

బోరుబండి మీద జంట అంటే అంతే మరి. ఇద్దరూ కలిసి ఇనుప రాడ్డు ఎత్తుతారు, ఒకడి చెయ్యి జారితే రెండోవాడి కాలు నుజ్జవుతుంది. అందుకే టీ అయినా బన్నయినా చెరిసగం. నేనూ అలా బతికినవాణ్ణే. కానీ టీ పంచుకుంటే ఇద్దరి గొంతూ తడుస్తుంది. ఈ బిళ్ళ పంచుకుంటే ఇద్దరికీ కాపుదల లేనట్టే.

"వాడెలా ఉన్నాడో?" అన్నాను.

హారను బోరుబండి మీద అల్లుడికి జంట, లారీ తోలేదీ వాడే. వీధి మొదట్లోంచే హారను మోగించుకుంటూ వస్తాడు, ఆ పేరు అలా వచ్చిందే. ఆ రోజు హారను వినబడలేదు. తలుపు తీసి చూస్తే లారీ గుమ్మం ముందే ఆగి ఉంది. వాడు ఆ మండుటెండలో స్వెట్టరేసుకుని, స్టీరింగు మీద తల వాల్చేశాడు.

"అల్లుడూ, ఒకసారి లేచి చూడు," అన్నాను. కోతలు ఎటుపోయాయో, నా గొంతు నాకే కొత్తగా ఉంది.

గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. చూశాడు.

"ఒరేయ్, నీకూనా?"

"నీకూనా?" అన్నాడు వాడు తలెత్తకుండానే.

అమ్మాయి లారీ ఎక్కి తాళం లాగేసి, జాకెట్లో దోపుకుని, వీధిలో పోయే ఆటో ఆపింది. "ఇంక కొండలూ లేవు, గుట్టలూ లేవు. ఆటో ఎక్కండి ఇద్దరూ!"

ఆటోలో ఇద్దరి మధ్యా నేను. అటు నిప్పు, ఇటు నిప్పు. అల్లుడి తల నా భుజం మీద వాలినప్పుడల్లా ఊపిరి ఉందా లేదా అని వేలు పెట్టి చూశాను. హారను ఏదో గొణుగుతున్నాడు, ఒక్క ముక్కా అర్థం కాలేదు.

రక్తం ఇద్దరిదీ తీశారు. ఇద్దరిలోనూ ఉంది. "కొండ ఎక్కి ఉంటే..." అని డాక్టరమ్మ అమ్మాయి ముఖం చూసి ఆపేసింది. నరానికి సూది గుచ్చి మందెక్కించారు. పక్కపక్క మంచాలు. ఒకడి వణుకు తగ్గితే ఇంకొకడికి మొదలయ్యేది. అమ్మాయి అటూ ఇటూ తడిగుడ్డలు మారుస్తూనే ఉంది. నాకు చెప్పడానికి ఒక్క కోతా తోచలేదు.

మర్నాటికి ఇద్దరికీ జ్వరం తగ్గింది. ఇంకా గండం గడవలేదన్నారు. ఆ మర్నాడు గడిచిందన్నారు. మింగే బిళ్ళలు ఇచ్చినప్పుడు అమ్మాయి ఇద్దరి ముందూ నిలబడింది. "నా ఎదుట మింగండి. నోరు తెరవండి, చూపించండి."

చూపించారు, బళ్ళో పిల్లల్లాగా.

"మామయ్యా," అన్నాడు అల్లుడు, గొంతు ఇంకా నీరసంగానే ఉంది. "ఇంతకీ ఆ దోమ ఏమైంది?"

నేను గొంతు సవరించుకున్నాను.

"ఆగండాగండి," అన్నాడు పక్క మంచం మీంచి హారను. "నేనప్పుడు లేను. మొదట్నించీ చెప్పండి."